తెలుగు వాక్యం – అంతర్జాల పాఠకుడు: అరువు సూత్రాలపై అభ్యంతరం

వెబ్‌సైటు పుటను ఎవరూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదవరనీ, కాబట్టి పాఠకుడు పైపైన చూసి కావలసింది ఏరుకొనేటట్టు రాయాలనీ చెప్పే సూత్రం ఇప్పుడు తెలుగులోనూ విధివాక్యంగా చలామణి అవుతున్నది. చిన్న పేరాలు, ఉపశీర్షికలు, బిందువుల పట్టికలు, ముద్దక్షరాలు దాని అంగాలు. ఈ సూత్రం పట్ల తెలుగునాట రెండు వైఖరులు కనిపిస్తాయి. పైపై చదువుకు అనువుగా రాయడమంటే భాషను దిగజార్చడమేనని, ఆ పని అంతర్జాల వ్యాపారులదే తప్ప భాషాసాహిత్య శాఖలది కాదని సాహిత్యవేత్తలలో ఒక వర్గం తిరస్కరిస్తుంది. ఇంగ్లీషులో ఉన్న నియమాల పట్టికను అనువదించి తెలుగు పుటలకు యథాతథంగా తగిలిస్తే పని పూర్తయిందని రెండవ వర్గం భావిస్తుంది. మొదటిది ఉపేక్ష, రెండవది అనుకరణ. చూడడానికి విరుద్ధమైనవే అయినా రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే: తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో రెండూ పరిశీలించలేదు. పైపై చదువుకు అనువైన తెలుగు రచన సాధ్యమే, అవసరమే. అయితే దాని నియమాలు తెలుగు వాక్యనిర్మాణం నుంచి పుట్టాలి. వాటిని రూపొందించవలసిన బాధ్యత తెలుగు శాఖలదే. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే.

1. సూత్రం పుట్టిన చోటు

ముందుగా ఈ సూత్రం ఎక్కడిదో చూడాలి. 1997లో జాన్ మోర్క్స్, జాకబ్ నీల్సన్ అమెరికాలో అంతర్జాల పాఠకులపై చేసిన పరిశీలనలు దీనికి ప్రసిద్ధమైన ఆధారం. కొత్త పుట ఎదురైనప్పుడు 79 శాతం మంది దాన్ని పైపైన చూశారని, మాటమాటా చదివినవారు 16 శాతమేనని నీల్సన్ ఆ ఏడాది ప్రకటించాడు. నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటక విశేషాలను ఐదు రకాలుగా రాసి పాఠకులకిచ్చిన ప్రయోగంలో, మాటలను సగానికి తగ్గించిన పాఠం ఉపయోగంలో 58 శాతం, పైపైన చూడడానికి వీలుగా అమర్చిన పాఠం 47 శాతం, గొప్పలు తీసేసి నిష్పాక్షికంగా రాసిన పాఠం 27 శాతం మెరుగని లెక్క తేలింది. ఈ మూడు గుణాలూ కలిసిన పాఠం 124 శాతం మెరుగు.

2006లో నీల్సన్ బృందం 232 మంది పాఠకుల కనుచూపు కదలికలను నమోదు చేసి, చూపు పుట పైభాగంలో ఒక అడ్డగీతగా, కొంచెం కిందికి దిగి మరొక పొట్టి అడ్డగీతగా, ఆపైన ఎడమ అంచు వెంట నిలువుగా సాగుతుందని చెప్పింది. ఆంగ్లాక్షరం ఎఫ్‌ను పోలిన ఈ ఆకారం అప్పటినుంచి వెబ్ రచన పాఠాలన్నింటిలోనూ కనిపిస్తున్నది. శీర్షికలోని మొదటి రెండు మాటలే పాఠకుణ్ణి నిలబెడతాయని, అందువల్ల సమాచారం మోసే మాటలు ముందుండాలని 2009లో మరొక సూచన వెలువడింది.

ఈ పరిశోధన విలువను తగ్గించవలసిన పని లేదు. అయితే ఇందులోని రెండు విషయాలను తెలుగు అనుకరణకర్తలు గమనించలేదు. మొదటిది, ఈ సూత్రాలు ప్రధానంగా ఇంగ్లీషు పాఠాల పరిశీలన నుంచి పుట్టినవి. కర్త తరువాత క్రియ, ఆ తరువాత కర్మ వచ్చే భాషలో ఎడమ అంచుకు ఉన్న విలువ వేరు. రెండవది, ఎఫ్ ఆకారం ఆదర్శం కాదని అదే సంస్థ 2017లో స్పష్టం చేసింది. శీర్షికలూ విభాగాలూ లేని మాటల గోడ ఎదురైనప్పుడు పాఠకుడి చూపు అలా జారిపోతుంది. మంచి అమరిక ఉంటే ఆ జారుడు ఆగుతుంది. అంటే రోగలక్షణాన్ని తెలుగులో కొందరు ఆరోగ్య సూత్రంగా నేర్పుతున్నారు.

2. ఉపేక్షకు సమాధానం

పైపై చదువు ఆధునిక వ్యసనమని, సంప్రదాయంలో అది లేదని తిరస్కారవాదులు అంటారు. సంప్రదాయాన్ని కాస్త పరిశీలిస్తే ఈ మాట నిలవదు. సంస్కృత మహాభారతం ఆదిపర్వంలోనే అనుక్రమణిక, పర్వసంగ్రహం ఉన్నాయి. ఏ పర్వంలో ఏ కథ ఉందో, ఎన్ని అధ్యాయాలో, ఎన్ని శ్లోకాలో పర్వసంగ్రహం లెక్క చెబుతుంది. లక్ష శ్లోకాల గ్రంథం తన పాఠకుడికి ముందుగా దారి చూపడం తక్కువతనమని భావించలేదు. కావ్య వ్యాఖ్యానాల్లో అవతారిక, ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు వేరువేరుగా నిలుస్తాయి. పద్యం తెలిసినవాడు ప్రతిపదార్థాన్ని దాటి విశేషానికి పోతాడు, తెలియనివాడు తాత్పర్యం దగ్గర ఆగుతాడు. ఒకే పుటలో ముగ్గురు పాఠకులకు మూడు దారులున్నాయి. ముద్రిత కావ్యాల చివర ఉండే పద్యాల అకారాది సూచిక వెతుకులాట కోసమే పుట్టింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ సంజ్ఞ, సంధి, తత్సమ మొదలైన పరిచ్ఛేదాలున్నాయి, సూత్రం ముందు వచ్చి వృత్తి, ఉదాహరణలు ఆ తరువాత వస్తాయి.

పండితుల గ్రంథాలను అలా ఉంచితే, తెలుగువారి ఇళ్లలో నిత్యం ఉండే పంచాంగాన్ని చూడవచ్చు. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివే గృహస్థు ఉండడు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, వర్జ్యం, దుర్ముహూర్తం ప్రతిరోజుకూ అదే వరుసలో, అదే చోట ఉంటాయి. కావలసిన గడి మీదికి చూపు నేరుగా పోతుంది. శుభలేఖ మరింత ఆసక్తికరమైన ఉదాహరణ. సంప్రదాయ శుభలేఖలో పాఠమంతా తరచుగా ఒకే సుదీర్ఘ వాక్యం. సంవత్సరం, మాసం, పక్షం, తిథి, లగ్నం, వంశ వివరాలు అన్నీ దాటాక గాని క్రియ రాదు. అయినా వధూవరుల పేర్లు పెద్దక్షరాల్లో, ముహూర్తం వేరే పంక్తిలో, వేదిక అడుగున ఉండడం వల్ల ఆహ్వానితుడు క్షణంలో సంగతి గ్రహిస్తాడు. వాక్యం ఎంత పొడవైనా అమరిక పాఠకుడికి తోడ్పడవచ్చునని తెలుగు అచ్చుకూటాలకు అంతర్జాలం రాకముందే తెలుసు.

తిరస్కారవాదుల వాదంలో బలమైన అంశం మరొకటి ఉంది. తెరపై చదువు లోతైన చదువును దెబ్బతీస్తుందన్న ఆందోళన నిరాధారమైనది కాదు. 2018లో డెల్గాడో, ఆయన సహ పరిశోధకులు 54 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,71,055 మందికి సంబంధించిన ఫలితాలను కలిపి విశ్లేషించి, తెరపై చదివినవారికంటే కాగితంపై చదివినవారి అవగాహన మెరుగ్గా ఉన్నదని తేల్చారు. అయితే ఆ విశ్లేషణ మరో సంగతి కూడా చెబుతుంది: ఈ తేడా సమాచార పాఠాల్లో కనిపించింది, కేవలం కథనాత్మక పాఠాల్లో కనిపించలేదు. తెరపై అదనపు శ్రద్ధతో అమర్చవలసినవి కథలూ కవితలూ కంటే ముందు ప్రకటనలు, నిబంధనలు, పాఠ్య వివరణలు, పరిశోధన వ్యాసాలు అని దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక్కడ రెండు పఠనాలను వేరుచేయాలి. కావ్యాన్ని, కథను, తాత్త్విక వాదాన్ని క్షుణ్ణంగా చదువుతారు. అక్కడ ఆలస్యమే ఫలం. గడువు తేదీ కోసమో, అర్హత కోసమో, ఒక ఆధారం కోసమో వెతుకుతూ చదివేది అన్వేషణ పఠనం. అక్కడ ఆలస్యం వల్ల నష్టమే. కవితను బిందువుల పట్టికగా మార్చమని ఎవరైనా అంటే తిరస్కరించవలసిందే. కానీ ఉపకార వేతన ప్రకటనను కావ్యంలా చదివించాలనుకోవడం భాషాభిమానం అనిపించుకోదు. వెతకడంలో పాఠకుడి శక్తి ఖర్చు కాకుండా కాపాడితే అది లోతుగా చదవవలసిన చోటికి మిగులుతుంది. కాబట్టి అన్వేషణ పఠనానికి అనువైన రచన క్షుణ్ణ పఠనానికి శత్రువు కాదు.

3. అనుకరణ ఎక్కడ విఫలమవుతుంది

వాక్యార్థ జ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణాలని భారతీయ వాక్యమీమాంస చెబుతుంది. ఒక పదం విన్నాక మరొక పదం కోసం కలిగే అపేక్ష ఆకాంక్ష. పరస్పరం సంబంధించిన పదాలు ఎడం లేకుండా ఉండడం సన్నిధి. పైపైన చదివేవాడు చేసే పని ఏమిటో ఈ పరిభాషలో స్పష్టంగా చెప్పవచ్చు: అతడు మధ్య పదాలను దాటివేసి సన్నిధిని తానే భంగపరుచుకుంటాడు, ఆకాంక్ష తీరకముందే మరో వాక్యానికి పోతాడు. అతనికి అనువుగా రాయడమంటే ఆకాంక్షను త్వరగా తీర్చడం, సంబంధించిన పదాలను దగ్గరగా ఉంచడం. ఇంగ్లీషులో ఈ పనికి పుట్టిన ఉపాయాలు తెలుగులో చాలాసార్లు తలకిందులవుతాయి. కింది ఉదాహరణలన్నీ వివరణ కోసం కల్పించినవి.

మొదటిది శీర్షిక. తెలుగులో విశేషణాలు, షష్ఠీ పదాలు ముందు వచ్చి ప్రధాన నామం చివర వస్తుంది. ‘విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల ఉపకార వేతనాల దరఖాస్తుల గడువు పొడిగింపు’, ‘విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల వసతిగృహ రుసుము చెల్లింపు విధానం’, ‘విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల మౌఖిక పరీక్ష తేదీల ప్రకటన’ అనే మూడు శీర్షికలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయనుకుంటే, ఎడమ అంచు వెంట దిగే చూపుకు మూడూ ఒకటే. మూడింటికీ భేదం చూపే మాటలన్నీ కుడివైపున ఉన్నాయి. సమాచారం మోసే మాట ముందుండాలని ఇంగ్లీషు నియమం చెబుతుంది, కానీ తెలుగు సమాసాన్ని ముట్టుకోకుండా అది సాధ్యం కాదు. ‘గడువు పొడిగింపు: పరిశోధక ఉపకార వేతనాలు’, ‘వసతిగృహ రుసుము: ఎలా చెల్లించాలి?’, ‘మౌఖిక పరీక్ష తేదీలు’ అని సమాసాన్ని విప్పి రాస్తే చూపు నిలుస్తుంది. దినపత్రికల శీర్షికల్లో ఈ విరుపు ఏనాటినుంచో ఉంది. కార్యాలయాల తెలుగు మాత్రం దాన్ని నేర్చుకోలేదు.

రెండవది నిషేధం. ఇంగ్లీషు వాక్యంలో నిషేధం సాధారణంగా క్రియకు ముందే, వాక్యం తొలి భాగంలోనే వస్తుంది. తెలుగులో అది క్రియతోపాటు వాక్యాంతంలో ఉంటుంది. ‘గత విద్యాసంవత్సరంలో ప్రవేశం పొంది, రెండవ వాయిదా రుసుమును గడువులోగా చెల్లించి, చిరునామాలో ఏ మార్పూ లేని విద్యార్థులు ఈ సంవత్సరం ధ్రువపత్రాలను తిరిగి సమర్పించవలసిన అవసరం లేదు’ అనే వాక్యాన్ని తీసుకుంటే, చిట్టచివరి మాట వరకు విద్యార్థి తాను పత్రాలు సమర్పించాలనే అనుకుంటాడు. పైపైన చదివి మధ్యలో ఆగినవాడికి అందిన అర్థం అసలు అర్థానికి సరిగ్గా విరుద్ధం. ఇంగ్లీషు పాఠకుడు తొందరలో కొంత సమాచారం కోల్పోతాడు, తెలుగు పాఠకుడు అబద్ధాన్ని నిజమని నమ్మి పోతాడు. ఇక్కడ ముద్దక్షరాలు కూడా హానే చేస్తాయి. ‘ధ్రువపత్రాలను తిరిగి సమర్పించవలసిన’ అనే భాగం ముఖ్యమని దాన్ని ముద్దగా అచ్చువేస్తే నిషేధం మరింత మరుగున పడుతుంది.

దీనికి పరిష్కారం తెలుగులోనే ఉంది. ‘ఈ కింది విద్యార్థులు ధ్రువపత్రాలను మళ్లీ ఇవ్వనక్కరలేదు’ అని తీర్పు ముందు చెప్పి, షరతులను తరువాత వరుసగా పేర్కొనవచ్చు. విభక్తి ప్రత్యయాలు పదాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి గనుక తెలుగులో పదక్రమానికి చాలా స్వేచ్ఛ ఉంది. ‘రుసుము చెల్లించవలసింది బ్యాంకులోనే’ వంటి నిర్మాణంలో ముఖ్యాంశం ప్రత్యేకంగా నిలుస్తుంది. ‘దరఖాస్తు రుసుము 500 రూపాయలు’, ‘చివరి తేదీ జూన్ 30’ వంటి క్రియారహిత వాక్యాలు తెలుగుకు సహజం. ఇంగ్లీషు ఇక్కడ ఒక సహాయక క్రియను మోయాలి, తెలుగుకు ఆ బరువు లేదు. పైపై చదువుకు ఇంతకంటే అనువైన వాక్యం మరొకటి ఉండదు. అయినా కార్యాలయ భాష ఈ వాక్యాలకు ‘గా నిర్ణయించడమైనది’, ‘అయి ఉన్నది’ అని తోకలు తగిలిస్తుంది.

మూడవది పట్టిక. ఇంగ్లీషులో కర్త, క్రియ రెండూ పట్టికకు ముందే వచ్చి, కింది అంశాలన్నీ ఆ క్రియకు కర్మలుగా వేలాడుతాయి. దీన్ని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ‘అభ్యర్థులు తప్పనిసరిగా’ అని పైన ఒక తునక, ‘జనన ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, రెండు ఛాయాచిత్రాలు’ అని మధ్యలో కొన్ని నామాలు, అడుగున ఒంటరిగా ‘సమర్పించవలెను’ అని ఒక క్రియ మిగులుతాయి. పట్టిక పది అంశాలదైతే కర్తకూ క్రియకూ మధ్య పది పంక్తుల ఎడం ఏర్పడుతుంది. సన్నిధి భంగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యగ్రంథాల్లో కూడా దొరకదు. అంశాలకు వేరువేరు విభక్తులు కావలసి వస్తే గందరగోళం మరీ ఎక్కువ. తెలుగు పట్టికకు రెండే సక్రమమైన దారులున్నాయి. ‘సమర్పించవలసిన పత్రాలు ఇవి’ అని పూర్తి వాక్యంతో మొదలుపెట్టి నామాలను వరుసగా ఇవ్వడం ఒకటి. ‘రుసుము చెల్లించాలి’, ‘రసీదు భద్రపరచాలి’, ‘మూలపత్రాలు వెంట తేవాలి’ అని ప్రతి అంశాన్నీ సొంత క్రియతో పూర్తి చేయడం రెండవది. అడుగున వేలాడే క్రియను ఏ సంపాదకుడూ అనుమతించకూడదు.

నాలుగవది లిపి. ఇంగ్లీషులో వ్యక్తుల, స్థలాల, సంస్థల పేర్లను పెద్దక్షరం పట్టి ఇస్తుంది, చూపు వాటిమీద తానే ఆగుతుంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు. పేరు చుట్టూ ఉన్న మాటల్లో పేరు కలిసిపోతుంది. కాబట్టి అంకెలు, తేదీలు, పేర్లు వాక్యం నడుమ చిక్కుకోకుండా పంక్తి మొదటనో వేరే గడిలోనో నిలపడం తెలుగులో అలంకారం కాదు, అవసరం. ఒత్తులు పంక్తి కిందికీ, గుడులు పైకీ చాచుకొని ఉండే లిపికి ఇంగ్లీషు పంక్తుల ఎడం సరిపోదు. ఆ కొలతతోనే కూర్చిన పుటల్లో పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతూ చూపును ఆపేస్తుంది.

ఐదవది వెతుకులాట. పుటలో కావలసిన మాటను కంప్యూటరు చేత వెతికించడం కూడా అన్వేషణ పఠనంలో భాగమే. ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’, ‘పుస్తకానికి’ దొరకవు. ‘ఇల్లు’ అని వెతికినవాడికి ‘ఇంటి పన్ను’ కనబడదు. ఔపవిభక్తికాలు, బహువచన రూపాలు, సంధులు మాట రూపాన్నే మార్చివేస్తాయి. శీర్షికలోనైనా మాటను ప్రథమా విభక్తిలో, సంధి కలపకుండా ఒకసారి రాస్తే వెతికేవాడికి అది దొరుకుతుంది. ఈ సలహా ఏ ఇంగ్లీషు నియమావళిలోనూ ఉండదు, ఎందుకంటే ఇంగ్లీషుకు ఈ బాధ ఇంత తీవ్రంగా లేదు.

4. నష్టం ఎవరిది

ఇది రచయితల అభిరుచికి సంబంధించిన చర్చ మాత్రమే అయితే ఇంత వాదన అవసరం లేదు. పెన్షను నిబంధన వెతుక్కొనే వృద్ధుడు, పంట బీమా గడువు చూసుకొనే రైతు, కుటుంబంలో మొదటిసారి కళాశాలకు వచ్చిన విద్యార్థి ఈ పుటల అసలు పాఠకులు. ఇంగ్లీషు వచ్చినవాడు తెలుగు పుట అర్థంకాకపోతే ఇంగ్లీషు పుట తెరుస్తాడు. ఆ వెసులుబాటు లేనివాడికే తెలుగు పుట ఏకైక ఆధారం. తెలుగులో సమాచారం ఉన్నదని చెప్పుకోవడానికి పెట్టిన పుట అతనికి అందకపోతే ఆ తెలుగు కేవలం అలంకారం.

చూపులేని పాఠకుల సంగతి మరింత స్పష్టం. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే ఉపకరణాల్లో ఒక మీట నొక్కి శీర్షిక నుంచి శీర్షికకు దాటే సౌకర్యం ఉంది. చూపున్నవాడు కళ్లతో చేసే పనిని వారు శీర్షికల ద్వారా చెవులతో చేస్తారు. 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు శీర్షికలు విషయాన్ని వివరించాలని, అనుసంధానం ఎక్కడికి తీసుకుపోతుందో తెలియాలని కోరుతాయి. ముద్దక్షరాలతో శీర్షికలా కనిపించేటట్టు చేసి, నిర్మాణంలో శీర్షికగా గుర్తించని పంక్తి వారికి శీర్షిక కాదు. ఒకే పుటలో పదిచోట్ల ‘ఇక్కడ నొక్కండి’ అని వినబడితే ఏది దేనికో తెలియదు. ‘దరఖాస్తు పత్రం’, ‘అర్హతల వివరాలు’ అని అనుసంధానానికి దాని పేరే పెట్టడం తెలుగులో ఏమాత్రం కష్టం కాదు. ‘ఇక్కడ నొక్కండి’ ఇంగ్లీషు అలవాటుకు అనువాదం మాత్రమే.

పైపై చదువుకు అనువుగా రాయడంలో ఒక ప్రమాదం కూడా ఉన్నదని అంగీకరించాలి. దేన్ని శీర్షికగా నిలపాలో, దేన్ని చిన్నక్షరాల్లో అడుగుకు తొయ్యాలో నిర్ణయించే అధికారం రచయిత చేతిలో ఉంటుంది. లాభాన్ని పైన చెప్పి మినహాయింపును అడుగున దాచే వాణిజ్య ప్రకటనల విద్య కూడా ఈ అమరికనే వాడుకుంటుంది. అందువల్ల నియమం ఎక్కడ ఉంటుందో దాని మినహాయింపు కూడా అక్కడే ఉండాలన్నది తొలి నైతిక సూత్రం కావాలి. కుదింపు లక్ష్యం కాకూడదు. నీల్సన్ ప్రయోగంలో గొప్పలు తీసేసిన పాఠం కూడా పాఠకుడికి మేలు చేసిందని మరచిపోరాదు. పాఠకుడి సమయాన్ని గౌరవించడంలో అతనితో నిజాయితీగా ఉండడం కూడా ఒక భాగమే.

5. బాధ్యత ఎవరిది

ఇది వృత్తి నైపుణ్యమే తప్ప పరిశోధన విషయం కాదన్న అభ్యంతరం తెలుగు శాఖల నుంచే వస్తుంది. పైన పరిశీలించిన అంశాలు దానికి సమాధానం. షష్ఠీ సమాసంలో ప్రధాన నామం స్థానం, వాక్యాంత నిషేధం, క్రియారహిత వాక్యం, ఔపవిభక్తికం, సన్నిధి ఇవన్నీ వ్యాకరణ విషయాలు. వీటిని తెలియనివాడు తెలుగు పుటకు నియమాలు రాయలేడు, తెలిసినవారు రాయడం లేదు. ఆ ఖాళీని ఇంగ్లీషు నియమాల అనువాదాలు ఆక్రమించాయి.

ఈ ఉపేక్ష శాఖల చరిత్రకు తగినది కూడా కాదు. గిడుగు రామమూర్తి (1863–1940) వాడుక భాష కోసం చేసిన పోరాటం తరగతి గది నుంచి పుట్టింది. చదివేవాడికి అందని భాషలో చదువు చెప్పడం అన్యాయమన్నది దాని మూలం. ఆనాడు జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గ్రాంథికం పక్షాన నిలిచి, భాషాగౌరవం పోతుందని వాదించారు. భాష గౌరవం పోలేదు, పాఠకులు పెరిగారు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. పాలన తెలుగులో జరగాలన్న ఆ ఆశయం సగం మాత్రమే నెరవేరిందని అంటే సాధారణంగా ఇంగ్లీషు ఉత్తర్వుల సంఖ్యను చూపుతారు. తెలుగులోనే వెలువడి, తెలుగు పాఠకుడికి అందని ఉత్తర్వులను కూడా ఆ లెక్కలో చేర్చాలి. పదజాలం మారితే సరిపోదు, వాక్యం మారాలి, వాక్యాల అమరిక మారాలి. వ్యావహారికోద్యమం పదరూపాలను గెలిచింది, పుట నిర్మాణాన్ని తాకలేదు.

తెలుగు పత్రికారంగం ఈ విషయంలో విశ్వవిద్యాలయాల కంటే ముందు నడిచింది. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్తలు విలేకరులకు వాక్యాన్ని విడగొట్టడం, అనువాద వాసన వదిలించడం శాస్త్రీయంగా నేర్పారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తొలి పేరాలోనే విషయ సారాంశం చెప్పడం, ఉపశీర్షికలతో విభజించడం, ముఖ్య వివరాలను పక్కపెట్టెలో ఇవ్వడం పద్ధతి. ఈ రెండు రంగాల అనుభవమూ పరిశోధనకు సిద్ధంగా ఉన్న సామగ్రి. తెలుగు పాఠకుడి కనుచూపు క్రియాంత వాక్యం మీద ఎలా కదులుతుందో కొలవడం, ఒకే ప్రకటనను రెండు విధాలుగా రాసి పాఠకుల అవగాహనను పోల్చడం ఎమ్మే స్థాయి విద్యార్థులు కూడా చేయగల పనులు. ఇంగ్లీషు ఫలితాలను ఉటంకించడంతో ఆగిపోకుండా తెలుగు ఫలితాలను సాధించే రోజు అప్పుడు గాని రాదు.

ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టాలి. చాలా తెలుగు పరిశోధన వ్యాసాలకు సంగ్రహం ఉండదు, ఉన్నా అది పీఠికలా రాసి ఉంటుంది. ఇరవై పుటలు ఉపశీర్షిక లేకుండా సాగుతాయి. ప్రతిపాదన ఏదో తెలియడానికి ఉపసంహారం దాకా పోవాలి, ఒక్కొక్కసారి అక్కడా దొరకదు. ఒక అంశంపై అప్పటికే ఏం రాశారో వెతికే యువ పరిశోధకుడు ఈ గోడలను దాటలేక, ఉన్న పనినే మళ్లీ చేస్తాడు, లేదా ఇంగ్లీషు ఆధారాలకు మళ్లుతాడు. తెలుగు పరిశోధనను ఎవరూ ఉటంకించరని బాధపడే శాఖలు, ఆ పరిశోధనను వెతికి పట్టుకొనే వీలు తామే కల్పించలేదని గుర్తించాలి.

ఆచరణకు నాలుగు మెట్లు చాలు. ప్రతి వ్యాసానికీ ప్రతిపాదననూ నిర్ధారణనూ చెప్పే సంగ్రహం తప్పనిసరి చేయాలి. శాఖల ప్రకటనలను ముందుగా తీర్పు, తరువాత షరతులు, నియమం పక్కనే మినహాయింపు అనే క్రమంలో తిరగరాయాలి. బోధన ప్రణాళికలో సమాచార రచనను ఒక పత్రంగా చేర్చి, దాన్ని వ్యాకరణం బోధించే ఆచార్యుడికే అప్పగించాలి. పై ఉదాహరణల వంటి తెలుగు వాక్య పరిశీలనల మీద ఆధారపడిన నియమావళిని శాఖలు కలిసి తయారు చేసి, ప్రభుత్వ కార్యాలయాలకూ పత్రికలకూ అందించాలి.

ఉపేక్షించినా అనుకరించినా ఫలితం ఒకటే: తెలుగు చదవడం కష్టమన్న అపవాదు మిగులుతుంది. కష్టం భాషలో లేదు. క్రియారహిత వాక్యం, స్వేచ్ఛగా కదిలే పదక్రమం, విడిగా నిలవగల విభక్తి రూపం ఉన్న భాషకు తొందరలో ఉన్న పాఠకుణ్ణి ఆదుకొనే శక్తి పుట్టుకతోనే ఉంది. ఆ శక్తిని పుటమీదికి తెచ్చే పని వ్యాకరణం తెలిసినవారిది. వారు చేయకపోతే వ్యాకరణం తెలియనివారు చేస్తారు, చేస్తూనే ఉన్నారు.